మిరుగం పూట మా ఆస్కార్ విందు

నన్నడిగితే, పెళ్లయిన మర్నాడే ప్రతి మగవాడికీ ఒక మాంసాహారి చేపను కొనివ్వాలి. నవ్వకండి! మా హన్మకొండ ఇంట్లో ఆస్కార్ చేప అడుగుపెట్టాకే మావారు శ్యాంసుందర్ గారిలో ఇంత ప్రేమ దాగి ఉందని నాకు తెలిసింది.

దాని సొంతూరు అమెజాన్ నది. తోక దగ్గర కన్నులాంటి మచ్చ ఉంటుంది. కొరకవచ్చిన శత్రువు తోకనే తల అనుకుని మోసపోతుందట. నోట్లో పట్టే ప్రాణి ఏదైనా సరే, మింగేస్తుంది. తోడుగా ఉంటాయని వేసిన గప్పీ చేపలు తెల్లారేసరికి లేవు! "పాపం, ఆకలైనట్టుంది" అన్నారు మావారు. హంతకుడి మీద ఇంత జాలి ఏ జడ్జీకైనా ఉంటుందా?

నేను ముచ్చటగా పేర్చిన గులకరాళ్లను నోటితో మోసుకెళ్లి మూలన పోస్తుంది. పిల్లలు చేస్తే అల్లరి, అది చేస్తే తెలివి!

గ్యాస్ బుక్ చేయడం కూడా రాని మనిషి ఇప్పుడు దాని గాజు తొట్టిలో నీళ్ల వేడి కొలుస్తున్నారు. ఆదివారం నీళ్లు మారుస్తున్నారు. (హాలంతా తుడిచేదెవరని అడక్కండి.) అది అలిగి పక్కకు ఒరిగితే ఆఫీసుకు సెలవు! నాకు జ్వరమొస్తే మాత్రం, "గోలి ఏస్కోరాదు?"

ఈ జాతిలో ఆడా మగా కలిసే గుడ్లకు కాపలా కాస్తాయట, రెక్కలతో వాటికి విసనకర్రలా విసురుతాయట. ఇదంతా మావారే సోఫాలో పడుకుని చదివి వినిపించారు. అంతలో లోపల చంటిది ఏడ్చింది. "సుకన్యా, జర చూడు" అన్నారు.

మొన్న మిరుగం వచ్చింది. మృగశిర కార్తె నాడు చేప తినకపోతే మా ఓరుగల్లులో ఊరుకుంటారా? పొద్దున్నే చింతపండు నానబెట్టి, మసాలా నూరి ఎదురుచూస్తున్నాను. మావారు వచ్చారు. చేతిలో నీళ్ల కవరు, అందులో గిలగిలలాడే చిట్టి చేపలు!

"మరి మనకేవి?" అన్నాను.

"మార్కెట్ల మస్తు రష్ ఉన్నది. ఇవ్వే దొరికినయ్. దానికి గూడ మిరుగమే గదా!"

పక్కింటి మొగిలమ్మత్త గోడ మీంచి తొంగిచూసింది. "ఓ శ్యామూ, చాపకు చాపలు తెచ్చినవ్, పెండ్లానికేం తెచ్చినవ్ రా?"

"మా సుకన్య పప్పుచారు మస్తు చేస్తదత్తా!"

నానబెట్టిన చింతపండు పప్పుచారులోకే పోయింది.

అందుకని పాఠకులారా, పెద్ద తొట్లు అమ్మే దుకాణం ఎక్కడైనా ఉంటే కాస్త చెప్పండి. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. అంత పెద్దది లేదంటారా? ఫరవాలేదు, కాళ్లు ముడుచుకుని సర్దుకుంటాను.