తలుపు వేయని థోర్వాల్డ్

ఆ ఉదయం మంచు కురవాలా వద్దా అని తేల్చుకోలేక ఆకాశం బూడిదరంగులో ఆగిపోయింది. మిన్నెసోటాలోని ఆ విత్తన సంఘం ఆఫీసులో ఆర్లిస్ మాత్రం పొద్దున్నే తేల్చుకుంది. మధ్యాహ్నంలోగా గోధుమ ఫైలు రాష్ట్ర కార్యాలయానికి వెళ్లాలి. ముప్పైయొక్క ఏళ్ల పంట వివరాలు అందులోనే ఉన్నాయి. అవి చేరితే ఊరి రైతులు పెంచిన గోధుమకు ఊరి పేరే పెడతారు.

గుమస్తా థోర్వాల్డ్ వచ్చాడు. వెనక తలుపు బార్లా తెరిచే ఉంది.

"పెద్దాయనా, ఊరంతటికీ మనమే చలి కాయిస్తున్నామా?" అన్నాడు మేనేజరు డ్వేన్.

"మూస్తే మళ్లీ తెరవాలిగా," అంటూ థోర్వాల్డ్ తన తెర ముందు కూర్చున్నాడు. ముగ్గురి తెరలూ ఒకే కంప్యూటర్‌వి.

"పంపేముందు చెత్త ఊడ్చేస్తా," అంది ఆర్లిస్. పనికిరాని ఫైళ్లు చెరిపే ప్రోగ్రాం ఆమె స్వయంగా రాసింది. పదేళ్లు విండోస్‌లో తిరుగులేకుండా నడిచింది. పోయిన వారమే ఆఫీసు లైనక్స్‌కు మారింది.

"గోధుమ ఫైలూ ఆ చెత్తున్న ఫోల్డర్‌లోనే ఉందిగా?"

"దానికి తాళం వేశాను డ్వేన్. చదవొచ్చు, మార్చకూడదు. తాళమున్నదాని జోలికి నా ప్రోగ్రాం పోదు. ఒక్క అక్షరం దిద్దకుండా ఇక్కడా నడుస్తుంది, చూడు."

నడిచింది. చెత్తతోపాటు గోధుమా పోయింది.

పదేళ్లుగా ఆ తాళాన్ని గౌరవించింది ప్రోగ్రాం కాదు, విండోస్. చెరపబోతే లైనక్స్ ఆ తాళాన్ని చూడదు. ఫోల్డర్ మీద హక్కు ఎవరిదని చూస్తుంది. ఆ హక్కు ఆర్లిస్‌దే. ఇంటావిడే పారేస్తానంటే కాదనడానికి అదెవరు?

"నకలుందిలే," అంది ఆర్లిస్, గొంతు తగ్గించి. నకలు నిమిషానికోసారి అసలును చూసి దిద్దుకుంటుంది. అదీ శ్రద్ధగా చెరిపేసుకుంది.

"ఎవడో దొంగ కంప్యూటర్‌లోకి దూరాడు. కరెంటు పీకేస్తున్నా," అని డ్వేన్ బల్ల కిందికి దూరాడు.

"నాకు కనబడుతూనే ఉందే," అన్నాడు థోర్వాల్డ్. "ఫైల్లో తొంభై నాలుగో సంవత్సరం వానల దగ్గరున్నాను."

"ఆ ఫైలు ఎప్పుడు తెరిచారు?" అంది ఆర్లిస్.

"సోమవారం."

ఆర్లిస్ లేచి నిలబడింది. "డ్వేన్, ఆ తీగ ముట్టుకున్నావో చూడు. థోర్వాల్డ్, ఏదీ మూయకండి."

"నేనెప్పుడు మూశాను?"

ఫైలు పేరు చెరిపినా, దాన్ని తెరిచి పట్టుకున్నవాడి చేతిలో లైనక్స్ ఫైలును ఉంచుతుంది, అతను మూసేదాకా. థోర్వాల్డ్ పట్టులోంచి ఆర్లిస్ మొత్తం నకలు తీసింది. పన్నెండుకు పది నిమిషాలుందనగా గోధుమ వెళ్లింది. తాళం చూసి ఆగమని ప్రోగ్రాంలో ఆమె ఒక వరుస చేర్చింది. డ్వేన్ మోకాళ్లు దులుపుకున్నాడు.

మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్‌లో వండి ఆర్లిస్ తెచ్చిన హాట్‌డిష్ ముగ్గురూ ఒకే పళ్లెం చుట్టూ చేరి తిన్నారు. తలుపులోంచి తొలి మంచు లోపలికి వస్తోంది. మూయమని థోర్వాల్డ్‌కు ఎవరూ చెప్పలేదు.