మఠంలో మిగిలిన ఆఖరి చోటు

ఆ ఉదయం, పురావస్తు తవ్వకాలు చేసే నూలా పెట్టుకున్న పని చిన్నదే. పాడుబడ్డ మఠం గోడల మధ్య ఒక గుంట తవ్వి, సన్యాసుల కాలంనాటి నేల ఎంత లోతున ఉందో చూసి, సాయంత్రానికి పూడ్చేయాలి. సన్యాసులు పోయినప్పటి నుంచీ ఆ మఠమే ఊరికి శ్మశానం. అందుకే ఊరి చర్చి ఫాదర్ ముందే చెప్పాడు. "తవ్వుకో తల్లీ. కానీ ఊళ్లో ఒక్కరు నొచ్చుకున్నా నీ పని ఆపించేస్తాను."

నూలా డబ్లిన్ పిల్ల, చదువుకున్నది, మహా జాగ్రత్తపరురాలు. టీకి వెళ్తూ, ఎవరూ కాలుజారి పడకూడదని గుంట మీద రెండు పారలు శిలువలా అడ్డంగా పెట్టింది. శవం కోసం సిద్ధం చేసిన సమాధికి ఆ ఊరివాళ్లు పెట్టే గుర్తు సరిగ్గా అదే. పైగా ఆ చోటు ముల్కెరిన్ కుటుంబానిది. అందులో ఇంకొక్కరికే జాగా ఉంది. దానికోసం అన్నదమ్ములు మాలకీ, ఫింటన్ ఇరవయ్యేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

దారినపోతూ పారలు చూసిన ఊరావిడ డెల్యాకు, అన్నదమ్ముల్లో ఒకరు పోయారని అర్థమైంది. ఎవరన్నది అర్థం కాలేదు. అడిగితే బాగుండదని, కన్నీళ్లతో రెండిళ్లకూ, చావింటికి పంపే ఆనవాయితీ ప్రకారం, శాండ్‌విచ్‌లు పంపింది. తాము బతికే ఉన్నామన్న సంగతి ఎవరికి వారికి తెలుసు కాబట్టి, పోయింది రెండోవాడేనని ఇద్దరూ తేల్చుకున్నారు. డెల్యాను చూసి ఊరంతా కేకులు మొదలుపెట్టింది.

నూలా తిరిగొచ్చేసరికి సగం ఊరు నల్లబట్టల్లో గుంట చుట్టూ నిలబడి ఉంది. ఇద్దరు ముసలాళ్లు చెరో వైపు నుంచి ఏడుస్తూ వచ్చి ఎదురెదురుపడ్డారు.

"ఒరేయ్ ఫింటన్! బతికే ఉన్నావట్రా!"

"అన్నయ్యా! నీకోసమే కదా ఈ కోటు ఇస్త్రీ చేయించుకుంది!"

ఇద్దరూ వాటేసుకున్నారు. నూలాకు కూడా కళ్లు చెమర్చాయి. అంతలో మాలకీ తమ్ముడి భుజం మీదుగా గుంటలోకి తొంగిచూశాడు.

"నువ్వూ పోలేదు, నేనూ పోలేదు. మరి మన చోట్లో దూరుతున్నది ఎవడ్రా?"

"దూరడం కాదండీ," అంది నూలా భయంభయంగా. "ఎవరో సన్యాసి. ఆరొందల ఏళ్ల నుంచీ ఇందులోనే ఉన్నాడు. ఎముకలు ఇందాకే బయటపడ్డాయి. ఆయన్ని కదిలించకూడదు, ఆయన మీద ఇంకెవరినీ పెట్టకూడదు. చట్టం ఒప్పుకోదు."

అన్నదమ్ములిద్దరూ నూలా వైపు తిరిగారు.

"నువ్వు తవ్వకపోతే ఆ సంగతి చట్టానికి తెలిసేదా, అమ్మాయ్?" అన్నాడు మాలకీ.

"అన్నయ్య అడిగినదాంట్లో తప్పేముంది?" అన్నాడు ఫింటన్.

ఇరవయ్యేళ్లలో ఆ అన్నదమ్ములు కలిసి చేసిన మొదటి పని, నూలా మీద ఫాదర్‌కు ఫిర్యాదు.