పెద్దలు 'కూడా'

పన్నెండేళ్ళ అపరంజి ముప్ఫై ఆరేళ్ళుగా కొండ అంచున తాడు పట్టుకుని వేలాడుతోంది. ప్రస్తుతం సీనియర్ అసిస్టెంట్ గ్రంధి ముక్తేశ్వరరావు ఆఫీసు కిటికీ బయట. కాకినాడలో కొండ లేదు. ఆఫీసు మూడో అంతస్తులో ఉంది గనక, ఆ లోటు సన్‌షేడ్ తీరుస్తోంది.

కారణం ఆఫీసులో అందరికీ తెలిసిందే. 'అపరంజి సాహసాలు' ఇరవై నాలుగు భాగాల వరస. మొదటి భాగం నూట పన్నెండో పేజీ చివర అపరంజి కొండ మీంచి జారి, తాడు అందుకుంటుంది. పదకొండేళ్ళ ముక్తేశ్వరం ఆ పేజీ తిప్పబోతుంటే వాళ్ళమ్మ వచ్చి, పరీక్షలయ్యాక చదువుదువుగాని అని పుస్తకం బీరువాలో పెట్టేసింది. పరీక్షలు అవలేదు. పది, ఇంటరు, డిగ్రీ, ఉద్యోగానికొకటి, ఉద్యోగంలో మరో నాలుగు. అలా చదువు పేరు చెప్పి చదవడం మానేశాడు. పాఠకుడు ఎక్కడుంటే పాత్ర అక్కడే వేలాడాలన్నది నియమం కాబట్టి, ఆయనకి బదిలీ అయినప్పుడల్లా ఆ పిల్లకీ తాడుతో సహా బదిలీ అయింది. జాయినింగ్ టైము మాత్రం ఇవ్వలేదు.

పుస్తకాల వరస అక్కడే ఆగింది గాని, పిలుపుల వరస మారుతూ వచ్చింది. మొదట్లో ఆయన్ని తమ్ముడూ అనేది. మీసం వచ్చాక అన్నయ్య చేసింది. ఇప్పుడు ఆయనకి నలభై ఏడు; బాబాయిగారు.

స్టాఫ్‌కి ఆమె అలవాటైపోయింది. వానొస్తే కిటికీ మూసేవారు. నెలనెలా పైకి పంపే పెండింగ్ జాబితాలో ఆమెది మొదటి నంబరు. నిజం చెప్పాలంటే, ఆ జాబితాలో అక్షరాలా వేలాడుతున్నది ఆమె ఒక్కతే.

ఒక సోమవారం ఆమె అద్దం మీద కాలితో తట్టింది.

"బాబాయిగారూ, ఇంక రెండు వేళ్ళే పట్టున్నాయండి."

"చూస్తున్నావుగా తల్లీ, వేళ లేదు."

"నాకేమో వేళ్ళు లేవు, మీకేమో వేళ లేదు. బానే కుదిరాం."

ఆ మాట ఆయన్ని గుచ్చింది. తాడో పేడో తేల్చుకుందామని మర్నాడు పుస్తకం తెచ్చాడు. తెరిచేలోగా సూపరింటెండెంట్ భ్రమరాంబ మేడం అట్ట చూసింది. 'తొమ్మిది నుంచి పధ్నాలుగేళ్ళ వారికి. పెద్దలు కూడా ఆనందించవచ్చు' అని ఉంది. ఆనందించడానికి అనుమతి కనిపిస్తోంది గాని చదవడానికి కనిపించడం లేదనీ, పైకి రాసి కనుక్కుందామనీ అందావిడ. చదవకుండా ఎలా ఆనందించడమని ఆయన అడిగాడు. ప్రయత్నించి చూడమంది. ఆయన మూసిన పుస్తకం మీద చెయ్యి పెట్టి అరగంట ఆనందించాడు. అపరంజి అంగుళమైనా పైకి రాలేదు.

పదకొండు రోజులు పూటలు గడిచాయి గాని పుట గడవలేదు. అపరంజి పట్టు ఒక్క వేలికి దిగింది. అప్పుడొచ్చింది జవాబు. 'కూడా' అన్న మాటని పై ఆఫీసువారు గోదావరి వాడుకలో తీసుకున్నారు. 'నా కూడా రా' అంటే నాతో రమ్మని గదా. కనుక పెద్దలు ఒంటరిగా చదివి ఆనందించరాదు. ఎవరో ఒక పిల్లో పిల్లాడో కూడా ఉన్నప్పుడే ఆనందించాలి.

మేడం ఆఫీసంతా చూసి, కిటికీ తెరిపించింది.

"వయసుకి రుజువేమన్నా ఉందా అమ్మా?"

"అట్ట మీద నా బొమ్మ ఉందండి."

సరిపోతుందంది.

ఆయన నూట పదమూడో పేజీ తిప్పి గట్టిగా చదివాడు. అపరంజి ఊగి, కాలికి రాయి దొరకబుచ్చుకుంది. నూట పదిహేనుకి స్టాఫ్ కుర్చీలు దగ్గరికి జరిగాయి. నూట పదిహేడుకి మేడం గోళ్ళు కొరుకుతోంది. ఫైళ్ళు కదల్లేదు, అంటే పనికేమీ ఇబ్బంది కలగలేదు. ముక్తేశ్వరరావు గొంతు పదకొండేళ్ళ పిల్లాడి గొంతులా సన్నబడితే, జలుబనుకుని ఎవరో మాత్ర ఇచ్చారు. నూట పంతొమ్మిదిలో అపరంజి కిటికీ దాటి లోపలికొచ్చి, చెయ్యి విదిలించుకుని, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, అందరికీ నమస్కారం పెట్టి, రెండో భాగానికి మెట్లు దిగింది.

చిక్కు అప్పుడు మొదలైంది. జాబితాలో ఒకటి తగ్గింది.

"తగ్గిందంటే ఇన్నాళ్ళూ ఎందుకు తగ్గలేదని అడుగుతారండీ ముక్తేశ్వరరావు గారూ," అంది మేడం, నొప్పించకుండా.

ఆ ఖాళీ ఎవరో ఒకరు నింపాలి. తాడు ఎలాగూ అక్కడే ఉంది. ఆయనవి మాత్రం వేలాడుతున్నవి తక్కువా? ప్రమోషన్ ఉంది, ఎప్పుడో నేర్చుకుందామనుకున్న ఈత ఉంది, పరీక్షలయ్యాక చేద్దామనుకున్నవన్నీ ఉన్నాయి. చెప్పులు విడిచి, రిజిస్టర్లో సంతకం చేసి, కిటికీ దాటి తాడు అందుకున్నాడు.

కింద రోడ్డు మీద అపరంజి ఆగి, తలెత్తింది.

"బాబాయిగారూ, మీ కథ ఎన్నేళ్ళవాళ్ళకండీ?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "పెద్దలకి మాత్రమే తల్లీ."

"అయ్యో. అయితే ఎవరూ చదవరండి."

ఆమె సందు మలుపు తిరిగింది. ముక్తేశ్వరరావు పట్టు సర్దుకుని చుట్టూ చూశాడు. లోపల్నించి ఇన్నేళ్ళూ కనబడలేదు గాని, వీధి పొడుగునా ప్రతి బిల్డింగుకీ కిటికీల బయట మనుషులున్నారు. ఎదుటి బ్యాంకు రెండో అంతస్తు దగ్గర, చొక్కా నీటుగా టక్ చేసుకున్న ఒకాయన పలకరించాడు.

"కొత్తగా వచ్చారా? ఎన్నో పేజీ అండీ?"

"నలభై ఏడండి."

"మనది యాభై రెండు," అని ఆయన, చేతులు ఖాళీ లేక, తలతోనే నమస్కారం పెట్టాడు.