మోకాళ్ళకు సరిపడే ల్యాప్‌టాప్

శనివారం పొద్దున కప్పులో టీ చల్లారేలోపే కంప్యూటర్ మూడోసారి ఆగిపోయింది. దానితోపాటు ప్లాన్ల మేడమ్ ఓపిక కూడా ఆగిపోయింది.

వీధిలో అందరూ ఆమెను ప్లాన్ల మేడమ్ అనే పిలుస్తారు. ఇంట్లోనే కూర్చుని కట్టడాలకు ప్లాన్లు గీసి ఇస్తుంది. కట్టడాలంటే ఏవో మేడలనుకునేరు. ఇన్నాళ్ళూ ఆమె చేతికి వచ్చినవన్నీ ఉన్న ఇంటికి అదనంగా కట్టుకునే బాత్రూములూ, కారు షెడ్లూను. ఈ మధ్యనే ఒక పశువుల డాక్టరు తాను కట్టబోయే ఆసుపత్రికి ప్లాన్ గీయమన్నాడు. సోమవారం పొద్దున తీసుకెళ్ళి చూపించాలి. నచ్చితే ఆమె దశ తిరిగినట్టే, నచ్చకపోతే మళ్ళీ బాత్రూములే. ఆవుల వార్డు సగంలో ఉండగా తెర నల్లబడింది.

"ఇవాళ ల్యాప్‌టాప్ కొనేస్తున్నా," అంది మేడమ్ లేచి నిలబడి. "షాపు తెరవగానే వెళ్ళి, భోజనాల వేళకి వచ్చేసి, రేపటికల్లా ప్లాన్ పూర్తి చేస్తా. ఎవరూ అడ్డు చెప్పకండి."

ఎవరూ అడ్డు చెప్పలేదు. భర్తా, అత్తగారూ మేమూ వస్తామన్నారు, అంతే. అసలు కొంప అక్కడే మునిగింది.

భర్త నీళ్ళ బిల్లుల ఆఫీసులో గుమాస్తా. పెళ్ళైన కొత్తలో విడిభాగాలు కొనుక్కొచ్చి ఆ కంప్యూటర్‌ను స్వయంగా బిగించాడు. ఆ ఒక్క బిగింపుతో తనకు తానే ఇంజనీరు పట్టా ఇచ్చేసుకున్నాడు. ఆదివారం చుట్టాలింటికి వెళ్దామన్నా, బీరువా జరుపుదామన్నా, "కంప్యూటర్ విప్పి కూర్చున్నా, మధ్యలో ఎలా లేస్తాను" అనేవాడు. చలికాలం మొదలవగానే అది మాటిమాటికీ ఆగిపోతుంటే, బాగా ఆలోచించి, "చలికి లోపల బిగుసుకుపోతోంది. వెచ్చగా ఉంచాలి," అని తేల్చాడు. దుమ్ము పడకుండా అంటూ అప్పటికే బల్ల కింద సీపీయూ మీద ఒక తువ్వాలు కప్పుతున్న అత్తగారు, ఆ మాట పట్టుకుని రెండో తువ్వాలు కూడా కప్పింది. ఆవిడ శ్రద్ధకు కోడలు మురిసిపోయింది. పైగా ఇంత చలిలోనూ రోజూ గడ్డ పెరుగు వడ్డిస్తున్న అత్తగారి మీద ఆమెకు ఈమధ్య గౌరవం బాగా పెరిగింది.

"పాతదానిలో ఉన్నవన్నీ షాపులోనే కొత్తదాంట్లోకి ఎక్కించేద్దాం. హార్డ్ డిస్కు ఊడదీసి తీసుకెళ్దాం," అంటూ భర్త స్క్రూడ్రైవర్ పట్టుకుని బల్ల కిందకి దూరాడు.

"ఒరేయ్, ఉండరా, ఉండు," అంటూ అత్తగారు వంటింట్లోంచి పరుగున వచ్చింది. తువ్వాళ్ళను మొత్తంగా రెండు చేతులతో పొదివి పట్టుకుని, తొణక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్ళింది. తువ్వాళ్ళు తొణకడమేమిటని ఆ హడావుడిలో ఎవరికీ తోచలేదు.

కాసేపటికి కంప్యూటర్ ముక్కలు ముక్కలుగా భోజనాల బల్ల మీదకు చేరింది. హార్డ్ డిస్కుతో పాటు మేడమ్ గీసిన ఆసుపత్రి మొత్తం భర్త చొక్కా జేబులో ఉంది.

షాపులో సేల్స్‌మన్ నవ్వుతూ ఎదురొచ్చాడు. ఏ పనికి కావాలి మేడమ్ అని అడిగాడు. మేడమ్ నోరు తెరిచేలోపే అత్తగారు వరసగా పెట్టిన ల్యాప్‌టాప్‌ల మీద అరచెయ్యి ఆనించి చూడడం మొదలుపెట్టింది.

"ఇదేంటి నాయనా, ఇంత చల్లగా ఉంది?"

"ఇది అస్సలు వేడెక్కదమ్మగారూ."

"పొద్దస్తమానం వాడినా?"

"పొద్దస్తమానం వాడినా ఇంతే."

అత్తగారు పెదవి విరిచి పక్కదాని మీద చెయ్యి పెట్టింది. అదీ అంతే. సేల్స్‌మన్ ఇంకా చల్లటిది తెచ్చాడు. ఆవిడ మొహం ఇంకా వాడిపోయింది.

"అత్తయ్యా, మీకు వేడితో పనేంటి?" అంది మేడమ్ గొంతు తగ్గించి.

అత్తగారు కాస్త తడబడింది. "మోకాళ్ళకమ్మా. ఆ పాతదాని పక్కన కాళ్ళు పెట్టుకుంటే హాయిగా ఉండేది," అని, సేల్స్‌మన్ వైపు తిరిగి, "ఇది ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళ దాకా వేడి తగులుతుందా?" అని గట్టిగా అడిగింది.

ల్యాప్‌టాప్ వేడెక్కుతుందని గొడవకొచ్చేవాళ్ళనే తప్ప వేడెక్కదని బెంగపడేవాళ్ళను సేల్స్‌మన్ తన ఉద్యోగంలో చూడలేదు. కాబట్టి తనకు తెలిసిన పద్ధతిలోనే అర్థం చేసుకున్నాడు. "ఇంతకుముందు మీకెక్కడైనా కాలిందా అమ్మగారూ?" అన్నాడు జాలిగా.

"నా మోకాళ్ళ బాధ నీకేం తెలుస్తుందిలే నాయనా," అంటూ ఆవిడ మూలుగుతూ స్టూలు మీద కూర్చుని రెండు మోకాళ్ళూ రుద్దుకుంది.

ఇంకో పక్క భర్త ఒక్కో ల్యాప్‌టాప్‌నూ వెల్లకిలా తిప్పి వెతుకుతున్నాడు. "దీనికి స్క్రూలేవీ?"

"విప్పకూడదు సార్. వారంటీ పోతుంది."

"విప్పకూడనిదాన్ని ఆదివారాలు నేనేం చేసుకోను?" అంటూ ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. అది చూసి సెక్యూరిటీ గార్డు వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. ఏం జరిగిందని ఎవరో అడిగితే, "ఆ పెద్దావిడ మోకాళ్ళ గొడవేదో. వాళ్ళబ్బాయి విప్పి చూస్తానంటున్నాడు," అన్నాడు గార్డు.

ఇంకేం కావాలి. ల్యాప్‌టాప్‌ల దగ్గర పెద్దావిడ మోకాళ్ళు కమిలిన మాట ఫ్రిజ్‌ల దగ్గరకు వెళ్ళేసరికి బొబ్బలెక్కింది. వాషింగ్ మెషీన్ల దగ్గర ల్యాప్‌టాప్ ఒళ్ళోనే పేలింది. బిల్లు కౌంటరు చేరేసరికి పెద్దావిడను ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయారు. అప్పుడే డబ్బు కట్టిన ఒకాయన సీలు కూడా తీయని పెట్టెను కౌంటరు మీద పెట్టి, "నాకొద్దు బాబూ, ఇంట్లో పిల్లలున్నారు," అన్నాడు. ఆయన వెనకాల ఇంకో ఇద్దరు నిలబడ్డారు. మేనేజర్ మెట్ల మీంచి ఆదరాబాదరాగా దిగి వచ్చాడు. ఆసుపత్రికి చేరిందనుకున్న పెద్దావిడ ఆ సమయానికి మరో ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని, లాభం లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

ప్లాన్ల మేడమ్‌కు తల కొట్టేసినట్టయింది. "మాకేం కాలలేదండీ. మాకో ల్యాప్‌టాప్ కావాలి, అంతే," అంది.

మేనేజర్ అనుభవమున్న మనిషి. బేరాలు ఇలాగే మొదలవుతాయని ఆయనకు తెలుసు. "అర్థమైంది మేడమ్. ఈ ల్యాప్‌టాప్‌లలో మీకు ఏది నచ్చితే అది సగం ధరకే తీసుకెళ్ళండి. బయట మాత్రం ఏమీ అనకండి," అన్నాడు చేతులు జోడించినంత పని చేసి.

సరిగ్గా అప్పుడే, మూలనున్న బల్ల దగ్గర అత్తగారి మొహం చేటంత అయింది. అక్కడ ఎవరో కార్ల పందెం ఆట ఆడి వదిలేసిన నల్లటి లావుపాటి ల్యాప్‌టాప్ ఒకటి బుసలు కొడుతోంది. ఆవిడ దాని వెనకవైపు చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

"అమ్మాయ్, ఇదీ ల్యాప్‌టాప్ అంటే," అంది.

భర్త దాన్ని ఎత్తి కింద చూశాడు. "స్క్రూలు కూడా ఉన్నాయి," అన్నాడు తృప్తిగా.

పొద్దుటినుంచీ దేనికీ ఒప్పుకోని ఇద్దరూ ఒకేసారి ఒప్పుకున్నారు, పైగా సగం ధర. మేడమ్ గడియారం చూసుకుని బిల్లు వేయమంది. తాను అడగవలసిన ఒకే ఒక్క ప్రశ్న ఆ గొడవలో ఆమె అడగనే లేదు.

ఆ ప్రశ్న ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది. ప్లాన్లు గీసే ప్రోగ్రామ్ ఆమె దగ్గర సీడీలో ఉంది. ల్యాప్‌టాప్‌ను భర్త నాలుగు వైపులా తిప్పి చూశాడు. "సీడీ పెట్టే చోటు లేదే," అన్నాడు. ఆ ప్రోగ్రామ్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే, అంత పాతది ఇప్పటి మెషీన్ల మీద ఎక్కదండీ, కొత్తది కొనుక్కుంటే వారంలో పంపిస్తాం అన్నారు.

మేడమ్ కుర్చీలో కూలబడింది. భోజనాల బల్ల మీద పాత కంప్యూటర్ ముక్కలు అలాగే ఉన్నాయి. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "నా ఆసుపత్రి పోయింది. ఒక్కటంటే ఒక్క మంచి పని వచ్చింది, అదీ పోయింది," అంది.

తల్లీకొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. ఆమె ఏడవడం వాళ్ళు ఎప్పుడూ చూసి ఎరగరు. "ఒరేయ్, కూర్చుని ఆ పాతది బిగించరా," అంది అత్తగారు. ఆయన చొక్కా చేతులు మడిచాడు. ఇన్నేళ్ళ ఆదివారాల్లో నటించిన పనిని ఆ శనివారం మొదటిసారి నిజంగా చేశాడు.

ఆదివారం పొద్దున్నే కంప్యూటర్ లేచింది. లేచింది, మరి ఆగలేదు. ఆవుల వార్డు పూర్తయింది. కుక్కల గదీ, పిల్లుల గదీ, ఆ రెండిటి మధ్యా మందపాటి గోడా పూర్తయ్యాయి. మధ్యాహ్నం దాటినా తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు.

"చూశావా నా చెయ్యి. ఆ చలి బిగింపు ఒక్క దెబ్బకి వదిలించేశా," అన్నాడు భర్త భోజనాల దగ్గర.

మేడమ్ ఆ రోజు ఏదన్నా ఒప్పుకునేలా ఉంది. నవ్వుతూ పెరుగు వడ్డించుకుంది. అది గరిటెలోంచి నీళ్ళలా జారింది.

"అత్తయ్యా, పెరుగు తోడుకోలేదేం?"

అత్తగారు కొడుకు వైపు ఓరగా చూసింది. తర్వాత, తప్పంతా కొడుకుదే అన్నట్టు, "ఎలా తోడుకుంటుందమ్మా. నిన్న వీడు కంప్యూటర్ విప్పేశాడుగా," అంది.

మేడమ్ గరిటె కింద పెట్టింది. చలికాలం, రెండు తువ్వాళ్ళు, తొణక్కుండా వేసిన అడుగులు, ఊపిరాడక ఆగిపోయే కంప్యూటర్ ఒకదాని వెనక ఒకటి వచ్చి వరసలో నిలబడ్డాయి. ఒళ్ళు మండిపోయింది. అరుద్దామని నోరు తెరిచింది. కానీ ఈ నెలంతా భోజనాల దగ్గర మారు పెరుగు వేయించుకున్నది ఎవరో కూడా అదే వరసలో గుర్తొచ్చింది.

"ఇకమీదట దాని మీద గిన్నె పెట్టారంటే ఊరుకోను," అని మాత్రం అంది.

"పెట్టనులే తల్లీ," అంది అత్తగారు బుద్ధిగా. భర్త తన ఇంజనీరు పట్టా సంగతి మళ్ళీ ఎత్తకుండా తల వంచుకుని అన్నం తిన్నాడు.

సోమవారం డాక్టరు ప్లాన్ చూసి, కుక్కలకూ పిల్లులకూ మధ్య గోడ దగ్గర చాలాసేపు ఆగి, "ఇది నాకు తట్టనే లేదండీ," అన్నాడు. ఆసుపత్రి ఆమెకు దక్కింది. ఆ ఊపులో ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేద్దామని ముగ్గురూ షాపుకు వెళ్ళారు. అద్దాల తలుపులోంచి అత్తగారిని చూడగానే మేనేజర్ లిఫ్టు ఎక్కేశాడు. ఎంతసేపు నిలబడినా ఆ లిఫ్టు మళ్ళీ కిందకి రాలేదు.

మేడమ్ ఇప్పటికీ ఆ పాత కంప్యూటర్ మీదే గీస్తోంది. అది ఆగడం మానేసింది. నల్ల ల్యాప్‌టాప్ ఎంతసేపు తెరిచి ఉంచినా చల్లగానే ఉంటుందనీ, ఆట ఆడితే తప్ప వేడెక్కదనీ భర్త కనిపెట్టాడు. అందుకని రోజూ సాయంత్రం అత్తగారు దాని వెనక తువ్వాలు చుట్టిన గిన్నె ఒకటి పెట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, కార్ల పందేనికి కూర్చుంటోంది. ఎవరైనా పలకరిస్తే, "ఆగండర్రా, మలుపు దగ్గరున్నా," అంటుంది.

ఆవిడ ఇంతవరకూ ఒక్క పందెం కూడా గెలవలేదు గానీ, పెరుగు మాత్రం గడ్డలా తోడుకుంటోంది.