మామగారి రీలు

ఆ శనివారం ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు నడకకు వెళ్లి వచ్చేలోగా చేపల గాలానికి దారం చుట్టే ఆయన పాత రీలును విప్పి, కడిగి, నూనె వేసి, ఏమీ ఎరగనట్టు ఎక్కడిదక్కడ పెట్టేయాలి. నడకకు గంటన్నర పడుతుంది. రీలుకు గంట చాలునని అతను తెచ్చుకున్న మరమ్మతుల పుస్తకంలో ఉంది. అల్లుడు లైబ్రేరియన్. అచ్చులో ఉన్నదేదైనా నమ్మేస్తాడు.

మామగారంటే అతనికి ఉన్నది మామూలు భయం కాదు. ఆయన రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టరు. పెళ్లి నిశ్చయమయ్యాక కూడా, కాబోయే అల్లుడని చూడకుండా, డ్రైవింగు పరీక్షలో అతన్ని రెండుసార్లు తప్పించిన మనిషి. తిట్టరు, అరవరు, ఊరికే చూస్తారు. ఆ చూపు పడితే అల్లుడికి తన పేరు మీద కూడా అనుమానం వస్తుంది. సొంతిల్లు మరమ్మతులో ఉండి అత్తవారింట్లో మకాం పెట్టిన ఈ నెల రోజుల్లో అతను స్నానాల గది కుళాయి విరగ్గొట్టాడు, హాల్లో గడియారాన్ని బాగుచేయబోయి అది పూర్తిగా ఆగిపోయేలా చేశాడు. ఈ ఒక్క పనీ సవ్యంగా చేస్తే ఆయన తనను మనిషి కింద జమకడతారని అతని ఆశ.

రీలు సంగతి మామగారే ఎత్తారు. శనివారం పదింటికి పాత స్నేహితుడు వస్తున్నాడని, చెరువు దగ్గర తను గాలం వేస్తుంటే చూడాలని పట్టుబడుతున్నాడని, రీలేమో కాస్త బిగుసుకుందని భోజనాల దగ్గర దిగులుగా అన్నారు. ప్రతి ఆదివారం ఆ రీలుతోనే ఆయన చెరువుకు వెళ్లి రెండు చేపలు తెస్తారు. అత్తగారు వాటిని ఇరుగుపొరుగు వాళ్లకు చూపించి మరీ లోపలికి తీసుకెళ్తారు.

అల్లుడు పెరటి వరండాలో పాత పేపరు పరిచాడు. కిరసనాయిలు తగలకూడదని వేలి ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. రీలు పిడి పట్టుకుని తిప్పబోతే అది కదల్లేదు. రెండు చేతులతో తిప్పినా కదల్లేదు. దీంతో మొన్న ఆదివారమే రెండు చేపల్ని లాగారంటే ఆయన మణికట్టు ఎలాంటిదో ఊహించుకుని, ఆ మణికట్టు తన చెంప దాకా వస్తే ఏమవుతుందో కూడా ఊహించుకుని, స్క్రూడ్రైవరు తీశాడు.

లోపల గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. ఒక్కో భాగాన్నీ పాత టూత్‌బ్రష్‌తో, కిరసనాయిలుతో కడిగాడు. విప్పిన వరసలోనే వాటిని పేపరు మీద పేర్చమని పుస్తకం చెప్పింది. కానీ పన్నెండేళ్లుగా పుస్తకాలు సర్దిన చేతులు ఊరుకుంటాయా? స్క్రూలన్నీ ఒక చోట, వాషర్లన్నీ ఒక చోట, పళ్ల చక్రాలు మరో చోట, అన్నీ చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా. పని ముగించి మురిపెంగా చూసుకున్నాక గానీ, ఏది దేని పక్కన ఉండేదో ఇక దేవుడికే తెలియాలని అతనికి తట్టలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, దారాన్ని సర్దే తీగను వెనక్కి లాగే చిన్న స్ప్రింగు అప్పుడే వేళ్ల మధ్య నుంచి ఎగిరి ఇంట్లోకి పోయింది. వెంట అల్లుడూ పోయాడు. మంచం కింద బోర్లా పడుకుని నేల తడుముతుంటే అత్తగారు వచ్చి ఏం పోయిందని అడిగారు. నిజం చెప్పే ధైర్యం లేక, చిన్న వస్తువేదో పోయిందన్నాడు. ఆవిడ అతని బోసి వేలు చూశారు. పెళ్లిలో మామగారు పెట్టిన ఉంగరం లేదు. ఆవిడ గబగబా ఫోను దగ్గరికి వెళ్లారు.

"ఏమండీ, నడక చాలించి వచ్చేయండి. అల్లుడుగారు ఉంగరం పారేసుకున్నారు."

అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి. జేబులోంచి ఉంగరం తీసి చూపించేసరికి అవతల ఫోను పెట్టేశారు. చేతిలో ఉన్న సమయం కాస్తా పావుగంటైంది. ఈ హడావిడికి వరండాలోకి వచ్చిన భార్య, పుస్తకంలోని రీలు బొమ్మ అతనికి కనబడేలా పట్టుకుని కూర్చుంది. అతను ఒక్కో ముక్కా అమర్చాడు. రెండుసార్లు తప్పి మూడోసారికి కుదిరింది. స్ప్రింగు లేని చోట తన కలం స్ప్రింగు సగానికి కోసి పెట్టాడు. ఒక వాషరు మిగిలిపోయింది.

"ఏవండీ, ఇదెక్కడిది?" అంది భార్య.

"ఎక్కడిదైనా సరే, కనిపించనియ్యకు," అన్నాడతను.

గేటు చప్పుడైంది. మామగారు వగరుస్తూ వచ్చి ముందు అల్లుడి వేలు చూశారు. ఉంగరం ఉంది. తర్వాత బల్ల మీద తళతళలాడుతున్న రీలును చూశారు. దాన్ని చేతిలోకి తీసుకుని, ఒక్క వేలితో పిడిని కదిపారు. అది సర్రుమని తిరిగింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇలా రా," అంటూ రీలుతో సహా కదిలారు. అల్లుడు పుట్టెడు భయంతో వెనక గదిలోకి వెళ్లాడు. ఆయన తలుపు దగ్గరగా వేశారు.

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు మామయ్యగారూ. మీరు సంతోషిస్తారని..."

"ఇది తిరిగి పదకొండేళ్లైంది," అన్నారాయన గొంతు తగ్గించి. అల్లుడికి అర్థం కాలేదు.

"మరి ఆదివారాల చేపలు?"

"చెరువు గట్టు దిగితే చేపల బజారుంది కదా."

ఆయన మంచం అంచున కూలబడ్డారు. గాలం విసరడం తనకు ఏనాడూ పట్టుబడలేదని, ఒకసారి విసిరితే తన చెవికే తగులుకుందని, ఆ స్నేహితుడు మాత్రం అందులో ఆరితేరినవాడని ఒక్కొక్కటే ఒప్పుకున్నారు. రీలు చెడిపోయిందని ఈ పూటకు గండం గడుపుదామనుకున్నారట.

"నువ్వొచ్చి దాన్ని బాగుచేశావు. ఇప్పుడు వాడి ముందు నేను గాలం వెయ్యాలి. వాడు చూసింది చూసినట్టు మీ అత్తయ్యకి చెబుతాడు. పదకొండేళ్లుగా ఆ చేపల్ని వీధంతా చూపించింది, నాయనా. తెలిస్తే ఇంక ఈ ఇంట్లో నా మొహం ఎవరు చూస్తారు?"

ఇన్నేళ్లలో మొదటిసారి అల్లుడికి ఆయన మీద జాలేసింది, తన భయం సగం దిగిపోయింది. బయట స్నేహితుడి గొంతు వినిపించింది. అత్తగారు ఆయనకు కుర్చీ వేస్తూ, రీలు కొత్తదానిలా తిరుగుతోందని, ఇవాళ పెద్ద చేప ఖాయమని చెబుతున్నారు.

అల్లుడు రీలు వైపు చూశాడు. మామగారు అల్లుడి వైపు చూశారు.

"ఎంతసేపు పడుతుంది?" అని ఆయన అడిగారు.

"చెడగొట్టడానికైతే రెండు నిమిషాలు చాలు మామయ్యగారూ."

మామగారు లేచి, తలుపుకు గడియ పెట్టి, అలమారలోంచి స్క్రూడ్రైవరు తీసి స్వయంగా అందించారు.