మబ్బులమెట్ట స్కీ పెట్రోల్

శనివారం ఉదయం ఆరింటిలోపు దివాకర్ చేయవలసిన పనులు:

1. ఎనిమిది సీట్ల బండి అద్దెకు తేవడం. మంత్రిగారి సీటుకి హీటర్ పనిచేస్తోందో లేదో స్వయంగా కూర్చుని చూడడం.
2. పులిహోర, పెరుగన్నం, మజ్జిగ మిరపకాయలు. కొండ మీద దొరికేవి మంత్రిగారికి పడవు.
3. శాలువాలు మూడు, బొకే ఒకటి. చలికి పూలు నల్లబడవని షాపువాళ్ళని గట్టిగా అడిగి తీసుకోవడం.
4. బ్యానర్. ‘గౌరవనీయ’ అన్న మాట మంత్రిగారి పేరు కంటే చిన్నగా ఉండకూడదు.
5. మంత్రిగారి నడుము కొలత, ఆయనకి తెలియకుండా. స్కీ ప్యాంటుకి కావాలి.
6. సొంత విషయాలేవీ మంత్రిగారి దగ్గర ఎత్తకపోవడం.

ఈ జాబితాని వాట్సాప్‌లో పంపినవాడు కాలిఫోర్నియాలో డబ్లిన్ ఊరి ‘తెలుగు తేజం’ సంఘానికి అధ్యక్షుడు ఫణి. దివాకర్ ఆ ఊళ్ళోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. అయిదింటికీ పక్కన టిక్కు పెట్టుకున్నాడు. ఆరోదాని పక్కన పెట్టలేదు. కోటు లోపలి జేబులో మాత్రం నాలుగు మడతల అర్జీ ఒకటి పెట్టుకున్నాడు.

రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి బ్రహ్మయ్యగారు అంతకు వారం ముందే పత్రికలవారికి ఒక చారిత్రాత్మక ప్రకటన చేసి ఉన్నారు. “రెండేళ్ళలో మబ్బులమెట్టని ఆంధ్రా ఆల్ప్స్‌గా తీర్చిదిద్దుతాం. స్కీయింగ్ చేయాలనుకునే తెలుగువాడు ఇక పాస్‌పోర్టు తీయనక్కర్లేదు.” మబ్బులమెట్ట మీద మంచు పడదు. జనవరిలో నాలుగైదు రోజులు పొద్దున్నే గడ్డి తెల్లగా కనిపిస్తుంది, ఎండ తగలగానే పచ్చబడుతుంది. ఒక విలేకరి ఆ సంగతి ఎత్తితే, “మంచు సాంకేతిక అంశం. నిపుణులు చూసుకుంటారు,” అని మంత్రిగారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

అధ్యయనానికి అసలు ఆల్ప్స్ పర్వతాలకే వెళ్ళాలి. యూరప్ వీసా సమయానికి రాలేదు. కూతురి గ్రాడ్యుయేషన్‌కని తీసుకున్న అమెరికా వీసాకి మాత్రం ఇంకా ఆరేళ్ళ గడువుంది. సియెర్రా కొండల మీద అచ్చం ఆల్ప్స్ ఊరిలాగే కట్టిన రిసార్టు ఒకటుందని ఫణి ఫోన్‌లో చెప్పగానే, మంచు ఎక్కడైనా మంచేనని మంత్రిగారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు.

దివాకర్‌ది మబ్బులమెట్టే. కొండ మీద నలభై గడప. ఆ నలభై గడపలోనూ డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. కింద తారురోడ్డుకి ఆరు కిలోమీటర్లు. జబ్బు చేసినవాళ్ళయినా, నొప్పులొచ్చినవాళ్ళయినా ఆ ఆరు కిలోమీటర్లూ డోలీలోనే దిగాలి. పొడుగాటి కర్రకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుంటారు. కాలు జారితే నిలదొక్కుకుని ఆపవలసింది వెనకవాడు. ఏళ్ళ తరబడి ఆ వెనకవాడు దివాకర్ అన్న అంజయ్య. పదో తరగతి పరీక్షల ముందు దివాకర్‌కి టైఫాయిడ్ వస్తే దించిందీ ఆయనే. పరీక్షలకి రెండు రోజుల ముందు మళ్ళీ మోసుకెళ్ళి హాస్టల్లో దింపిందీ ఆయనే.

ఇప్పుడు అంజయ్య కూతురు వర్షకి ఏడో నెల. మార్చి చివర్లో కానుపు. రోడ్డు రెండేళ్ళ కిందటే మంజూరైంది. ఈలోగా కొండ పర్యాటక శాఖ కిందికి వచ్చింది కాబట్టి మంత్రిగారి సంతకం ఒక్కటే తక్కువ. సంతకం పడితే మట్టి చదును చేయడానికి నెల చాలు, మట్టి రోడ్డు మీద జీపు ఎక్కుతుందని ఇంజనీరే చెప్పాడు. జేబులో ఉన్నది ఆ కాగితమే.

బండి శాక్రమెంటో దాటి కొండెక్కడం మొదలుపెట్టిన కాసేపటికి మంచు కురిసింది. మంచులో జారకుండా టైర్లకి గొలుసులు వేసుకుంటే గానీ వదలనని హైవే మీద ఒకాయన ఆపాడు. దివాకర్ దిగి, మాట్లాడి వచ్చాడు.

“ఎవరున్నారో చెప్పావా అబ్బాయ్?” అన్నారు మంత్రిగారు.

“చెప్పాను సార్.”

“ఏమన్నాడు?”

“గొలుసులు లోపలి వైపు కూడా బిగించమన్నాడు సార్.”

“డిసిప్లిన్ అంటే అదీ సార్,” అన్నాడు ఫణి వెనక సీట్లోంచి. మంత్రిగారు నోట్‌బుక్కు తీసి ‘డిసిప్లిన్’ అని రాసుకున్నారు. దివాకర్ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని గొలుసులు బిగించాడు.

స్కీలు అద్దెకిచ్చే చోట కౌంటర్ అమ్మాయి ఆరు పేజీల కాగితం ఒకటి ముందు పెట్టింది. మంత్రిగారు ఆరు చోట్ల టకటకా సంతకాలు చేశారు. ఆ చెయ్యి చూసేసరికి దివాకర్‌కి ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి అర్జీ తీశాడు.

“సార్, ఇది కూడా ఒక్కటి. మబ్బులమెట్ట రోడ్డు సార్.”

“చదవకుండా నేను దేని మీదా సంతకం పెట్టనయ్యా,” అన్నారు మంత్రిగారు నొచ్చుకుంటూ. “ముప్ఫై ఏళ్ళ ప్రజాజీవితం నాది.”

ఫణి దివాకర్‌ని మోచేత్తో పొడిచాడు. “ఆరో పాయింట్ చదవలేదా బ్రదర్?”

ఇంతకీ తానేం సంతకం చేశారో మంత్రిగారికి అనుమానం వచ్చి అడిగారు. కొండ మీద ఏం జరిగినా, కాలు విరిగినా, ప్రాణం పోయినా రిసార్టుకి బాధ్యత లేదని ఒప్పుకున్నట్టని దివాకర్ చెప్పాడు. మంత్రిగారు ఆ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

“ముందే రాయించుకుంటారా?”

“అవును సార్.”

“జనం రాసిస్తారా?”

“మీరిచ్చారు కదా సార్.”

“ఇంతమంది ఐఏఎస్‌లున్నారు, ఒక్కడికీ తట్టలేదే!” అన్నారు మంత్రిగారు. నోట్‌బుక్కు మళ్ళీ బయటికొచ్చింది.

పాఠం చెప్పడానికి ఇరవై ఏళ్ళ అమ్మాయి వచ్చింది. మొట్టమొదట స్కీల ముందు కొసలు రెండూ దగ్గరికి తెచ్చి ఆగడం ఎలాగో చూపించింది. దివాకర్ తెలుగు చేసి చెప్పాడు. “మొదలెట్టడం చెప్పకుండా ఆపడం చెబుతుందేంటి?” అన్నారు మంత్రిగారు. “మన ప్రాజెక్టులు ఎవరూ నేర్పకుండానే ఆగుతాయి. నెక్స్ట్ చెప్పమను.” నెక్స్ట్ లేదు. ఆగడం వచ్చేదాకా లిఫ్టు ఎక్కించనంది. గంటసేపు ఇద్దరు చెరో రెక్కా పట్టుకోగా మంత్రిగారు ఆగడం నేర్చుకున్నారు. ఆ పిల్ల ఓర్పు అంతా ఇంతా కాదు.

తరవాత కార్యక్రమం, మంత్రిగారు లిఫ్టు మీద శిఖరాగ్రానికి చేరుకోవడం. అది గాల్లో వేలాడే బెంచీల వరస. అవి ఎక్కడా నిలవవు. పైన నేల తగలగానే లేచి, ముందుకి జారి, పక్కకి తప్పుకోవాలి. రెండో బండిలో వచ్చిన సంఘం సభ్యులు, ఫణి, బ్యానరూ శాలువా ముందే పైకెళ్ళి సరిగ్గా ఆ దిగే చోట వరసగా నిలబడాలని ఏర్పాటు.

“ఫణిగారూ, అక్కడ ఎవరూ నిలబడకూడదండీ. వెనక బెంచీ వచ్చేస్తుంది,” అన్నాడు దివాకర్.

“నీకు ప్రోటోకాల్ తెలీదు బ్రదర్. చీఫ్ గెస్ట్ దిగగానే శాలువా కప్పకపోతే ఎప్పుడు కప్పుతాం? జారిపోయాకా?” అని ఫణి వెళ్ళిపోయాడు.

మంత్రిగారి పక్కన బెంచీ మీద దివాకర్ ఒక్కడే. పైకి ఏడు నిమిషాలు. ఇంతకంటే ఏకాంతం రాష్ట్రంలో ఏ మంత్రి దగ్గరా ఎవరికీ దొరకదు. దివాకర్ గ్లోవు తీసి, అర్జీ మడత విప్పాడు.

“సార్, ఆరు కిలోమీటర్లు సార్. మా అన్న కూతురికి మార్చిలో కానుపు. కనీసం మట్టి రోడ్డు...”

“కిందికి చూడు,” అన్నారు మంత్రిగారు.

కింద రిసార్టు ఊరు. వాలు కప్పుల చెక్క ఇళ్ళు, మధ్యలో రాళ్ళు పరిచిన సందులు, కాఫీ కప్పులు పట్టుకుని నడుస్తున్న జనం.

“కారు కనిపిస్తోందా ఒక్కటైనా?”

“లేదు సార్. ఊళ్ళోకి రానివ్వరు. పార్కింగ్ బయట.”

“డబ్బులిచ్చి మరీ నడుస్తున్నారయ్యా! ఆ సదుపాయం మీ ఊళ్ళో ఇప్పటికే ఉంది. రోడ్డేసి నేను దాన్ని పాడు చేయనా?”

“సార్, కానుపు...”

“ఎమోషనల్ అవకు. విజన్ ఉండాలి,” అన్నారు మంత్రిగారు. అంతలో స్కీలు నేలకి తగిలాయి.

దివాకర్ లేచి పక్కకి జారాడు. మంత్రిగారూ లేచారు, ఎదురుగా బ్యానర్ కనిపించింది, గంటసేపు నేర్చిన విద్యని ఏ లోపం లేకుండా ప్రదర్శించి ఆగారు. ఆగి, శాలువా కోసం తల వంచారు. లిఫ్టు కుర్రాడు కేకలు వేస్తూ బటన్ మీదికి దూకాడు. బటన్ నొక్కేలోపే వెనక బెంచీ వచ్చి మంత్రిగారి మోకాళ్ళ వెనక తగిలింది. మంత్రిగారు, శాలువా, బొకే, ఫణి, బ్యానర్‌కి ఒక కొసా, అందరూ ఒకేసారి కింద పడ్డారు. ‘గౌరవనీయ’ మాత్రం నిలబడే ఉంది.

మంత్రిగారి చీలమండ బెణికింది. రెండు నిమిషాల్లో స్కీ పెట్రోల్ వాళ్ళు, అంటే కొండ మీద దెబ్బ తగిలినవాళ్ళని కిందికి దించే గస్తీవాళ్ళు, వచ్చారు. ఇద్దరు, ఎర్ర జాకెట్లు, వీపు మీద తెల్ల క్రాసు. పొడుగాటి బల్ల లాంటి స్లెడ్డు మీద మంత్రిగారిని పడుకోబెట్టి, దుప్పటి కప్పి, పట్టీలు బిగించారు. ముందొకరు కర్రలు పట్టుకున్నారు, వెనకొకరు తాడు పట్టుకున్నారు. దివాకర్ ఆ వెనకవాడి కాళ్ళకేసే చూస్తుండిపోయాడు.

ఎనిమిది నిమిషాల్లో దిగిపోయారు. దారంతా జనం పక్కకి తప్పుకుని నిలబడ్డారు. మంత్రిగారు పడుకునే అందరికీ చెయ్యి ఊపారు. చాలామంది తిరిగి ఊపారు కూడా. కింద రోడ్డు మీద అంబులెన్సు ఇంజన్ ఆపకుండా ఎదురుచూస్తోంది. మంత్రిగారు అప్పటికింకా చెయ్యి ఊపుతున్నారు.

ఫస్ట్ ఎయిడ్ గదిలో కాలికి కట్టు కట్టించుకుంటూ మంత్రిగారు మెరిసే కళ్ళతో అడిగారు: “అబ్బాయ్, ఆ కొండ మీద రోడ్డుందా?”

“లేదు సార్.”

“మరి నన్నెలా దించారు?”

“కింద రోడ్డు మీద అంబులెన్సు ఉంది సార్.”

“కింద! మీకూ కింద రోడ్డుందా లేదా?”

“ఉంది సార్.”

“మరింకేం? ఏదీ ఆ కాగితం?”

దివాకర్ ఇచ్చాడు. ఈసారి మంత్రిగారు చదివారు. రెండుసార్లు చదివారు. పక్కన స్వహస్తాలతో రాశారు: ‘రోడ్డు ప్రతిపాదన విరమించడమైనది. అంతర్జాతీయ ప్రమాణాలతో మబ్బులమెట్ట స్కీ పెట్రోల్ వెంటనే ఏర్పాటు చేయవలెను.’ కింద సంతకం. అర్జీ చేతికందుతుండగా ఫణి ఫొటో తీశాడు. ఫొటోలో దివాకర్ థాంక్యూ సార్ అంటున్నాడు. పెద్దవాళ్ళు ఏదైనా చేతికిస్తే అలా అనాలని అతనికి చిన్నప్పుడే నేర్పారు.

అధ్యయన యాత్ర ముగిసిన నెలలోపే ఫలితం కనిపించడం ఆ శాఖ చరిత్రలో ఇదే మొదటిసారి. ఫిబ్రవరిలో స్కీ పెట్రోల్ ప్రారంభమైంది. మంచు ఇంకా టెండర్ దశలో ఉన్నందున స్లెడ్డు అవసరం రాలేదు. పాత డోలీ కర్రకే ఎర్ర రంగు వేశారు. ఆరు పేజీల కాగితాన్ని తెలుగులోకి మారిస్తే తొమ్మిది పేజీలైంది. డోలీ ఎక్కేముందు ఎక్కేవాళ్ళే సంతకం చేయాలి. ఎర్ర జాకెట్ ఒకటి, మైనస్ ఇరవై డిగ్రీలకి పనికొచ్చేది, ‘తెలుగు తేజం’ విరాళంగా పంపింది. రెండోది పరిశీలనలో ఉంది. కొండ మధ్యలో పెద్ద హోర్డింగు పెట్టారు. దాని మీద, స్లెడ్డులో పడుకుని చెయ్యి ఊపుతున్న మంత్రిగారు.

మార్చి ఇరవై ఏడున వర్షకి నొప్పులొచ్చాయి. తొమ్మిది పేజీల మీద నొప్పికీ నొప్పికీ మధ్య సంతకాలు చేసింది. కొండ దిగడానికి మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. సగం దారిలో, హోర్డింగు నీడలో డోలీ దించారు. అక్కడే ఆడపిల్ల పుట్టింది. మళ్ళీ ఎత్తుకుని తారురోడ్డుకి చేర్చారు. తల్లీ బిడ్డా క్షేమం.

‘స్కీ పెట్రోల్ తొలి సర్వీసు విజయవంతం’ అని మర్నాడు పేపర్లో ఫొటోతో సహా పడింది. డబ్లిన్‌లో దివాకర్ ఆఫీసు క్యాంటీన్‌లో లంచ్ బాక్సు మూత తీసి, తినకుండా ఆ ఫొటోనే పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాడు. ఫణి ఫోన్ చేశాడు.

“చూశావా బ్రదర్? మన జాకెట్! ఎంత క్లియర్‌గా పడిందో!”

“చూశానండీ.”

“ఇంతకీ మీ అన్నయ్య ఇందులో ఎవరు?”

దివాకర్ చెప్పాడు. ఫణికి కనిపించలేదు.

చదువరులకి ఒక చిన్న విన్నపం. ఆ ఫొటో మీరూ చూసే ఉంటారు. ముందు కర్ర పట్టుకుని, ఎండలో ఎర్ర జాకెట్ వేసుకుని నవ్వుతున్నాయన మండల పార్టీ కన్వీనర్. చివరి యాభై అడుగులూ ఆయనే మోశారు. వెనక, ఫొటో అంచున, కర్ర కింద ఒక భుజం, సగం చెవి కనిపిస్తాయి. ఆ భుజం అంజయ్యది. దయచేసి గుర్తుంచుకోండి.