స్లేవ్ డిస్కుకు పదోన్నతి

లోకంలో అన్యాయాలన్నీ పోవాలంటే ఉద్యమాలు అక్కర్లేదండీ, స్టిక్కర్లు చాలు! నవ్వకండి. తాడేపల్లిగూడెంలో పన్నెండు కంప్యూటర్లతో ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను.

కంప్యూటర్‌లో రెండు హార్డ్ డిస్కులుంటే ఒకటి మాస్టర్, రెండోది స్లేవ్. అంటే ఒకటి దొర, ఇంకొకటి బానిస. పాత డిస్కులు పారేయలేక మా దగ్గర ప్రతి కంప్యూటర్‌లోనూ రెండేసి ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఈ మాటల్ని పాఠంగా చెప్పి, పరీక్ష పెట్టి, మార్కులు కూడా వేశాను. మొన్న పేపర్లో చూస్తే, ఇవి మనసు నొప్పించే మాటలు కాబట్టి సామాన్ల మీద రాయొద్దని అమెరికాలో ఒక ఆఫీసువారు కంపెనీలను కోరారట. చదవగానే గుండె తరుక్కుపోయింది. నా షట్టరు వెనకాల పన్నెండు మంది బానిసలా!

కొందరు దీన్ని పనీపాటా లేని వ్యవహారం అంటున్నారు. వాళ్లకి మాట విలువ తెలియదు. రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకుందామని నల్లజర్ల నుంచి వీరరాఘవమ్మగారు వచ్చేవారు. ఒకరోజు స్క్రీన్ మీద "ఇల్లీగల్ ఆపరేషన్ చేశారు" అని పడేసరికి ఆవిడ సంచీ సర్దుకుని లేచారు. "నేనేం చెయ్యలేదండీ, మౌస్ ఒక్కటే ముట్టుకున్నాను" అని అందరి ముందూ వాంగ్మూలం ఇచ్చి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. అదే మాట కాస్త మెత్తగా ఉంటే ఈపాటికి ఈమెయిళ్లు పంపుతూ ఉండేవారు కాదూ?

అసలీ పద్ధతిని కంప్యూటర్ దగ్గరే ఆపడం దేనికి? కరెంటు కోతను విద్యుత్ విశ్రాంతి అందాం. భీమడోలులో ప్యాసింజర్‌ను ఆపేసి ఎక్స్‌ప్రెస్‌లన్నిటినీ ముందు పంపడాన్ని అతిథి మర్యాద అందాం. కొల్లేట్లో గట్లు వేసి చేపల చెరువులు తవ్వితే ఆక్రమణ అంటున్నారు గానీ, సరస్సును గదులుగా సర్దడం అంటే గొడవే ఉండదు. సరస్సు ఏమైనా అడ్డు చెప్పిందా?

వెంటనే కమిటీ వేశాను. అధ్యక్షుణ్ణి నేనే. సభ్యులు ఇద్దరు, టైపింగ్ నేర్పే సాదిక్‌గారు, సీ లాంగ్వేజ్ చెప్పే మెర్సీ మేడమ్. మూడు సాయంత్రాలు కూర్చున్నాం. సేవకుడు అంటే తేడా ఏముందన్నారు మేడమ్. తమ్ముడు అంటే వాటా అడుగుతాడేమోనని సాదిక్‌గారి భయం. చివరికి "సహచరుడు" ఖాయమైంది. మాస్టర్ పేరు మాత్రం మార్చనవసరం లేదని ఏకగ్రీవంగా తీర్మానించాం. మమ్మల్ని ఊళ్లో అందరూ మాస్టారనే పిలుస్తారు కాబట్టి, ఆ మాటలో మాకెవరికీ నొప్పి కనబడలేదు.

స్టిక్కర్లు వచ్చాయి. పన్నెండు కేబినెట్లూ విప్పి వాటిని అతికించింది ఏసుబాబు. అతనికి నలభై ఏడేళ్లు. రోజూ భీమడోలు నుంచి ప్యాసింజర్‌లో వచ్చి షట్టరెత్తుతాడు, గదులు తుడుస్తాడు, టీ తెస్తాడు. చూసి చూసి డిస్కులు బిగించడం కూడా నేర్చుకున్నాడు. హార్డ్‌వేర్ బ్యాచ్‌లో నాకు చేతకానివన్నీ పిల్లలకి అతనే చేసి చూపిస్తాడు. రిజిస్టర్లో మాత్రం పదకొండేళ్లుగా అతని హోదా ఒకటే: బాయ్.

పన్నెండో డిస్కు అయ్యాక స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి నిలబడ్డాడు.

"మాస్టారండీ, మా జాయ్సీకి ఏలూరు కాలేజీలో సీటొచ్చిందండి. ఫారంలో తండ్రి ఉద్యోగం రాయాలంటండి, మీ దగ్గర్నించి సర్టిఫికెట్టు కూడా పెట్టాలంట. బాయ్ అని ఉంటే పిల్ల చిన్నబోతుందండి. పనిలో పనిగా నాది కూడా మార్చి పెడతారాండీ?"

నేనేమన్నానో తెలుసా? "పేరుదేముందిరా, పని ముఖ్యం గానీ" అన్నాను. ఒక్క మాట కోసం మూడు సాయంత్రాలు చర్చించిన నోటితోనే అన్నాను. వీధికుక్కని కూడా తప్పుకోండి అనే ప్రాంతం మాది. డిస్కునేమో సహచరుణ్ణి చేశాను, నాకంటే రెండేళ్లు పెద్దవాణ్ణేమో "రా" అన్నాను. "అలాగేనండి" అని వెళ్లి టీ గ్లాసులు కడిగాడు.

మర్నాడు మెర్సీ మేడమ్ ఆ సర్టిఫికెట్ టైప్ చేసి సంతకం కోసం నా బల్ల మీద పెట్టారు. అందులో బాయ్ అన్న మాట కనబడలేదు. దాని మీద, మిగిలిపోయిన పదమూడో స్టిక్కరు అతికించి ఉంది. ఇదేమిటి మేడమ్ అంటే, "కమిటీ తీర్మానమే కదండీ, అమలు చేశాను" అన్నారు. గోటితో గీకి చూశాను. ఊడలేదు. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది.

హార్డ్‌వేర్ ఇన్‌స్ట్రక్టర్ అని కొత్త కాగితం టైప్ చేయించడానికి రెండు నిమిషాలు చాలు. రాయబోయేది అబద్ధం కూడా కాదు. కానీ అలా రాసి సంతకం పెట్టేస్తే, రేపటి నుంచి ఇన్‌స్ట్రక్టర్‌గారిని టీ తెమ్మని ఎలా అడగడం? ఏమోయ్ అని ఎలా పిలవడం? స్లేవ్ డిస్కుతో ఈ ఇబ్బంది లేదు. పేరు మారినా అది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, పాత పనే చేస్తోంది.

ఫారం ఇవ్వడానికి రేపే ఆఖరు రోజు. ఏసుబాబు ఇప్పుడే టీ తెచ్చి పెట్టాడు. కాగితం వైపు ఒకసారి చూసి, పొద్దుటి ఖాళీ గ్లాసు తీసుకెళ్లాడు. నేను కలం తీసుకుని, సంతకం పెట్టకుండా, మాటల మహత్తు మీద మీకు ఈ వ్యాసం రాస్తూ కూర్చున్నాను.